అప్పజెప్పాల్సిన సొమ్ము

పెద్దాస్పత్రుల్లో, ప్రభుత్వ వైద్య పథకం కింద వచ్చే రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్ర బల్ల ముందు నిలబడ్డవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది బట్టల షాపువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు. అందులో రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు, ఊళ్లో తీయించిన ఎక్స్‌రే, మడతలు నలిగిన మందుల చీటీలు. ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఇంకోదాంట్లో పొడి అక్షరమే ఉంటుంది. నలభై ఏళ్లు నాట్లేసి కలుపు తీసిన వేళ్లు యంత్రం మీద ఎన్నిసార్లు పెట్టినా గీతలు పడవు. వాళ్లడిగేది ఒకటే: “ఈ కార్డు మీద చేస్తారా అండీ?” ఆ ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పి, కాగితాలు సరిచేయించి, ఏది వస్తుందో ఏది రాదో విడమరిచే మనిషి పనిని మనం సేవ అంటాం. కాస్త భక్తి కలిపితే పుణ్యం అంటాం. ఈ రెండు మాటలూ ఆ పనికి చాలవని నా అభిప్రాయం. ఒకరి సొమ్మును వారికి అప్పజెప్పడం అనే మాటే దానికి సరైనది. పేరులో ఏముంది అనిపించవచ్చు. కానీ ఆ పని చేయకుండా ఊరుకున్నవాడి తప్పు ఎంతటిదో తేల్చేది ఆ పేరే.

దానం చేయనివాడికి పుణ్యం రాదు, అంతే. ఎవరూ దొంగ అనరు. దాచమని తన దగ్గర పెట్టిన సొమ్మును తిరిగివ్వనివాడి సంగతి వేరు. ధర్మశాస్త్రాలు దాన్ని నిక్షేపం అన్నాయి. రాజు విని తీర్పు చెప్పాల్సిన పద్దెనిమిది రకాల తగాదాల్లో మనుస్మృతి అప్పు తర్వాత చెప్పింది దీన్నే. సొంతదారుకు లోకజ్ఞానం లేకపోవచ్చు, తండ్రి దాచిన సంగతి కొడుక్కి తెలియకనే పోవచ్చు. సొమ్ము మాత్రం వాళ్లదే. మరి వైద్య భద్రత పేదవాడి నిక్షేపం ఎలా అయింది? ఒకప్పుడు గుండె ఆపరేషన్‌కు డబ్బు లేనివాళ్లు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకునేవాళ్లు. అది నికార్సయిన దానం: ఇచ్చేవారి దయ, పుచ్చుకునేవారి అదృష్టం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాష్ట్ర ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఆ అర్జీ స్థానంలోకి తెల్ల రేషన్ కార్డు వచ్చింది. కార్డున్న ప్రతి ఇంటికీ, అడిగినా అడగకపోయినా, హక్కు వచ్చింది. 2018 సెప్టెంబరు 23న కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ ఇంకో అడుగు ముందుకేసింది. 2011 నాటి సామాజిక ఆర్థిక కులగణనలో నమోదైన వివరాలను బట్టి పది కోట్లకు పైగా కుటుంబాలను లెక్కగట్టి, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం వాళ్లదే అంది. ఏ దరఖాస్తూ పెట్టకుండానే, ఆ ఉదయం కూలికి వెళ్లిన ఎందరో తమకు తెలియకుండా హక్కుదారులయ్యారు. ఆ డబ్బయినా ఎవరో దాత జేబులోంచి వచ్చింది కాదు. సబ్బు మీద, చెప్పుల మీద, ఫోను రీఛార్జి మీద పన్ను కడుతున్న పేదవాడి వాటా కూడా అందులో ఉంది.

సరే, నిక్షేపం ప్రభుత్వం దగ్గరుంది, అప్పజెప్పాల్సింది ప్రభుత్వమే, అందుకు జీతమిచ్చి ఆరోగ్యమిత్రలను పెట్టింది కదా, మధ్యలో మూడోవాడికి బాధ్యతేమిటి? ఇది గట్టి అభ్యంతరమే. పక్కింటి టీచరు గానీ, మందుల షాపు యజమాని గానీ, గుడి కమిటీ పెద్ద గానీ ఎవరి సొమ్మూ దాచుకోలేదు. కాని వాళ్లకు సంగతి తెలుసు. భారతంలో సభాపర్వాన్ని గుర్తు చేసుకోండి. ద్రౌపది అడిగింది భిక్ష కాదు, ఒక ప్రశ్న. తన మీద ఎవరికి ఏ హక్కుందో చెప్పమంది. పెద్దలు నేల చూపులు చూశారు. అప్పుడు విదురుడు ప్రహ్లాదుడి కథ ఎత్తుకుని చెప్పిన ధర్మం ఇది: సభలో ఉండి, ధర్మం తెలిసీ ప్రశ్నకు బదులివ్వనివాడికి అబద్ధమాడిన పాపంలో సగం చుట్టుకుంటుంది. జూదమాడింది ఆ పెద్దలు కారు, వస్త్రం పట్టుకున్నదీ వాళ్లు కారు. అయినా తెలిసి ఊరుకోవడమే వాళ్ల నేరమైంది. “ఈ కార్డు మీద చేస్తారా?” అనేదీ తన హక్కేమిటని అడగడమే. అక్కడ జవాబు తెలిసినవాళ్లంతా సభలో కూర్చున్నట్టే. ఒక్కమాట ఒప్పుకోవాలి: సాయానికి వచ్చినవాడు పోగొట్టుకునే రోజుకూలి, బస్సు ఛార్జీ, ఓపిక మాత్రం అతడి సొంతం. ఆ మేరకు అది దానమే, దానికి దండం పెట్టవచ్చు. చెప్పిన సమాచారానికి మాత్రం దండం అక్కర్లేదు.

అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత మన సమాజంలో అన్ని కౌంటర్ల దగ్గరా రాయని బోర్డులా వేలాడుతుంటుంది. కావలసినవాళ్లే వచ్చి అడుగుతారులే అన్న ధీమా అది. అడగడానికి కూడా కొంత తెలిసుండాలని ఆ సామెత మరిచిపోయింది. ఖురాన్ ఈ విషయంలో చాలా సూక్ష్మంగా ఆలోచించింది. విశ్వాసుల సంపదలో అడిగేవాడికీ, అడగకుండా వంచితుడిగా మిగిలిపోయినవాడికీ హక్కుందని ఇద్దరినీ విడివిడిగా చెప్పింది. దయ అనలేదు, హక్కు అంది. ఆస్పత్రి మెట్ల దాకా రాకుండానే, అప్పుచేసి ప్రైవేటులో చూపించుకుని, ఆనక పొలం అమ్ముకున్నవాడే ఆ రెండోవాడు. సభలో ఉన్నవాళ్ల బాధ్యత జవాబు చెప్పడంతో తీరేది మొదటివాడి విషయంలోనే. రెండోవాడి కోసం గడప దాటాలి.

అనర్హులు దూరిపోతున్నారు, అపాత్రదానం అవుతుందన్న మాట ఒకటుంది. తెల్లకార్డులు ఉండకూడని ఇళ్లలో ఉన్న మాట నిజమే. కాని పాత్రత వెతకాల్సింది దాత. నిక్షేపంలో తేల్చాల్సింది ఒకటే, ఇతడు సొంతదారా కాదా అని. ఆ పరీక్ష ప్రభుత్వం ఎటూ చేస్తుంది, చేయాలి కూడా. 2024 అక్టోబరు 29 నుంచి డెబ్బై నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వర్తిస్తోంది. అంటే పెద్దవయసు విషయంలో పాత్రత ప్రశ్నను పథకమే పక్కన పెట్టేసింది. ఇక, రోగం పూర్వకర్మ ఫలమనీ అనుభవించక తప్పదనీ అనేవాళ్లున్నారు. వాళ్ల పంటినొప్పికి వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లని రోజున ఆ వాదం గురించి ఆలోచిద్దాం.

అసలు కష్టం ఇంకోచోట ఉంది. నిక్షేపం తిరిగిచ్చేటప్పుడు మూట చేతిలో పెడితే సరిపోదు, ఎదుట విప్పి లెక్కపెట్టి చూపాలి. “అంతా ఫ్రీ, వెళ్లు” అనేవాడు మంచివాడే, కానీ అరలెక్క చెబుతున్నాడు. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రికి వెళితే కార్డు చెల్లదు. జబ్బు ప్యాకేజీల జాబితాలో ఉండాలి, అప్రూవల్ రావాలి. రోజూ మింగే బీపీ, షుగరు మాత్రలకు పీహెచ్‌సీయే దిక్కు. పైగా ఈ లెక్కల పుస్తకం స్థిరంగా ఉండదు. ఆంధ్రలో పథకం పేరు ప్రభుత్వంతో పాటు మారుతూ వచ్చింది, ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. జనం నోట మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆరోగ్యశ్రీయే. కాబట్టి రాదు అని చెప్పాల్సినచోట రాదు అనడం కూడా అప్పజెప్పడంలో భాగమే, ఆ మాట ఎంత చేదుగా ఉన్నా. ఆశ పెట్టి పంపిస్తే ఆ మనిషి ఆస్పత్రిలో చేరాక బిల్లు చూసి కూలబడతాడు. బైబిల్లో మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాడి గాయాలు కట్టి ఊరుకోలేదు. మర్నాడు సత్రంవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టి, పైన ఎంతయినా తిరిగొచ్చి తీరుస్తానన్నాడు. ఖర్చు ఎంతవరకు ఎవరిదో పడుకున్న రోగికి బెంగ లేకుండా తేల్చేసి వెళ్లాడు.

తెలుగులో అప్పజెప్పడానికి రెండర్థాలున్నాయి. సొమ్మును చేతికివ్వడం ఒకటి, నేర్చుకున్న పాఠాన్ని పొల్లుపోకుండా వినిపించడం ఇంకొకటి. డిశ్చార్జి రోజున ముసలామె చేత సంతృప్తి పత్రం మీద వేలిముద్ర వేయిస్తారు. అరిగిన బొటనవేలికి సిరా పూసి, కాగితం మీద అద్ది, తుడుచుకోమని దూది ఇస్తారు. ఆ కాగితంలో ఏం రాసుందో వేలు అద్దేముందే ఆమెకు ఎవరో ఒకరు చదివి వినిపించాలి.