ముద్దుపేరు ఎవరి ముద్దు?

మా అమ్మకి అరవై మూడేళ్ల వయసులో తనెవరో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. నాన్న పోయాక కుటుంబ పెన్షన్ కోసం కాగితాలు పెడితే, నాన్న సర్వీసు రికార్డులో భార్య పేరు 'పాప' అని తేలింది. రేషన్ కార్డులో చిట్టెమ్మ. బ్యాంకు పుస్తకంలో చిట్టి. ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి చిట్టమ్మ. ఈ నలుగురూ ఒకరేనని నమ్మకమేమిటని ఆ ఆఫీసులో గుమాస్తా అడిగాడు. అడగడం అతని పని, దానికి నేనేమీ అనను. కానీ అడుగుతున్నంతసేపూ "ఏం పాపా, నువ్వేనా చిట్టివి?" అంటూనే ఉన్నాడు. అతనికి ముప్ఫై ఏళ్లుంటాయేమో. చివరికి నోటరీ దగ్గర స్టాంపు కాగితం మీద "చిట్టెమ్మ అలియాస్ చిట్టి అలియాస్ పాప" అని రాయించాం. అలియాస్ అన్నమాట అమ్మ అంతవరకూ పేపర్లో దొంగల పేర్ల పక్కనే విన్నది. "నేనేం దొంగతనం చేశానే?" అంది బయటికొచ్చాక.

అమ్మమ్మకి ఆమె ఐదో కాన్పు. ఎవరూ పంచాంగం చూడలేదు, పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయలేదు. చిట్టిగా ఉంది కాబట్టి చిట్టి. అత్తవారింట్లో అందరికన్నా చిన్న కోడలు కాబట్టి పాప. తర్వాత నలుగురు బిడ్డల్ని కన్నది, అత్తమామల్ని సాగనంపింది, అప్పులు తీర్చింది. ఆమెతోపాటు ఆమె పేరు మాత్రం పెద్దది కాలేదు.

పసిబిడ్డకి ముద్దుపేరునే అసలు పేరుగా పెట్టొచ్చా అన్న ప్రశ్న నాకు రోజూ ఎదురవుతూనే ఉంటుంది. ఆనందపురం మండలంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. మా హాజరు పట్టీలో చిన్ని ఉంది, బుజ్జి ఉంది, అమ్ములు ఉంది. కొత్తగా స్వీటీ, హనీ, లక్కీ వచ్చి చేరారు. స్టాఫ్‌రూంలో వీటి మీద జోకులు ఎప్పుడూ ఉండేవే. "రేపు కలెక్టరైతే స్వీటీ గారూ అని దరఖాస్తు పెట్టుకోవాలా?" అని ఒకరంటారు, అందరూ నవ్వుతారు. ఆ నవ్వులో నాకు ఇంకోటి వినిపిస్తుంది. కలెక్టరు కుర్చీలో కూర్చునే పేర్లు వేరే ఉంటాయనీ, అవి ఇప్పటికే నిర్ణయమైపోయాయనీ.

నిజంగా పేరు చిన్నదైతే మనిషి చిన్నబోతుందా? మా విశాఖపట్నంలోనే లంకపల్లి బుల్లయ్య కళాశాల ఉంది. దళిత కుటుంబంలో పుట్టి, 1968 నుంచి 1974 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన ఆయన పేరది. బుల్లి అంటే ఏమిటో తెలియని తెలుగువాళ్లుండరు. అయినా బుల్లయ్య గారంటే ఎవరికీ నవ్వు రాదు. చిట్టిబాబు పేరు చెబితే మనకి వీణ వినిపిస్తుంది కాని చిట్టితనం గుర్తుకురాదు. శివరాజు వెంకటసుబ్బారావు గారైతే ఇంత పొడుగు పేరుండగా కావాలనే బుచ్చిబాబు అన్న కలంపేరు పెట్టుకుని 'చివరకు మిగిలేది' రాశారు. అదే బుచ్చి అన్నమాట గురజాడ 'కన్యాశుల్కం'లో అగ్నిహోత్రావధాన్లు గారి వితంతు కూతురికి పడితే బుచ్చమ్మ అయింది. ఆమెనీ, చెల్లెలు సుబ్బినీ ఎవరికివ్వాలో, ఎవరు తీసుకుపోవాలో తేల్చేదంతా ఇతరులే. బుచ్చిబాబుది తను ఎంచుకున్న చిన్నతనం. బుచ్చమ్మది తండ్రి ఇంట్లో అంటించిన చిన్నతనం.

సినిమా టైటిల్స్ చూడండి. బాలనటుడు మాస్టర్ తరుణ్, బాలనటి బేబీ షామిలి. మాస్టర్ అన్నమాటకి పెద్దయ్యే దారి ఉంది, రేపు పాఠం చెప్పే మాస్టారూ ఆ మాటే. బేబీకి ఎదిగే దారి లేదు, వదిలించుకోవడమొక్కటే ఉంది.

ఈ తేడా ఇవాళ్టిది కాదు. మనుస్మృతి రెండో అధ్యాయంలో నామకరణానికి నియమాలున్నాయి. బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, క్షత్రియుడిది బలాన్ని చెప్పేలా, వైశ్యుడిది ధనాన్ని చెప్పేలా, శూద్రుడిది జుగుప్స పుట్టించేలా ఉండాలట. ఆ వెంటనే ఆడవాళ్ల పేర్ల సంగతి: తేలిగ్గా పలకాలి, కరుకుగా ఉండకూడదు, మనసుకి ఇంపుగా ఉండాలి, చివర దీర్ఘం ఉండాలి. స్వీటీ, హనీ, పింకీ... మనువు పెట్టిన పరీక్షలో అన్నీ పాసవుతాయి! ఆ నియమంలో నన్ను ఆపే విషయం ఒకటే. పేరు ఎవరి నోటికి తేలిగ్గా ఉండాలి? పిలిచేవాళ్ల నోటికి. పిలిపించుకునే మనిషి లెక్కలోనే లేదు.

అలాగని పెద్ద పేరు పెట్టేస్తే సమస్య తీరుతుందని అనుకోను. మా ప్రాంతంలో కష్టజీవుల ఇళ్లలో పిల్లలకి దేవతల పేర్లే ఎక్కువ. సింహాద్రి అప్పన్న పేరున అప్పలకొండ, అనకాపల్లి నూకాలమ్మ పేరున నూకాలమ్మ, విజయనగరం పైడితల్లి పేరున పైడితల్లి. ఇవేవీ ముద్దుపేర్లు కావు. అయినా ఇంటి పనికి వెళ్లిన నూకాలమ్మని ఆ ఇంట్లో పదేళ్ల పిల్లాడు కూడా "ఏయ్ నూకాలూ" అంటాడు. గుడిలో 'అమ్మ' ఉంటుంది, వంటింటి గుమ్మం దగ్గర ఊడిపోతుంది. పేరు పక్కన 'గారు' చేరేదీ లేనిదీ పేరు పొడుగుని బట్టి కాదు, కులాన్నీ కూలినీ బట్టి. ముద్దుపేరు ఈ అలవాటుని పుట్టించలేదు. దానికి తలుపు మాత్రం తీసి పెడుతుంది. ప్రేమించేవాళ్లు ఇంట్లో పిలుచుకోవాల్సిన పేరుని మేస్త్రీకి, గుమాస్తాకి, అప్పిచ్చినవాడికి కూడా అప్పగిస్తుంది. కలిగినవాళ్ల ఇళ్లలో పిల్లలకి రెండు పేర్లుంటాయి, లోపలికి బుజ్జి, బయటికి ఇంకోటి. లేనివాళ్ల పిల్లకి ఉన్నదొకటే, లోపలికీ బయటికీ అదే.

ఇదంతా తలలో పెట్టుకుని తొమ్మిదో తరగతి చిన్ని వాళ్లమ్మతో మాట్లాడాను. ఆమె ఆనందపురం పూలమార్కెట్లో బంతి, చామంతి అమ్ముతుంది. పదో తరగతి కాగితాలు వెళ్లకముందే, కావాలంటే పేరు మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పాను. ఆమె బుట్ట సర్దుకుంటూనే అంది: "పెద్ద పేరు ఎట్టినోలు ఇద్దరూ నేరు మేడమ్. దీనికి పేరెట్టడానికి బయమేసింది. చిన్ని అని పిలిసినాం, బతికినాది. ఇంకేటి మారుత్తాం?"

నాకు నోట మాట రాలేదు. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో బిడ్డని పెంటకుప్ప మీద ఒక్కసారి పడుకోబెట్టి ఎత్తుకుని పెంటయ్య, పెంటమ్మ అని పిలిచిన ఆచారం మనకి తెలుసు. మృత్యువు ఆ బిడ్డని చూసి ఇది పనికిరానిదని వదిలేసి పోవాలి. తిట్టులా వినిపించే ఆ పేరు నిజానికి తల్లి పెట్టుకున్న మొక్కు. అందుకే పేరు వినగానే తల్లిదండ్రులకి బుద్ధిలేదని తీర్పు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. అలాగని అన్ని పేర్లూ ప్రేమతోనే పెట్టారనీ కాదు. మహారాష్ట్ర సతారా జిల్లాలో 2011లో 285 మంది ఆడపిల్లలు కొత్త పేర్లు పెట్టుకున్నారు. అంతవరకూ వాళ్లందరి పేర్లూ నకుశా, నకోషీ, అంటే అక్కర్లేనిది. కొందరు దేవతల పేర్లు ఎంచుకున్నారు, కొందరు సినిమా తారల పేర్లు. తారల పేర్లా అని ముక్కు విరిచినవాళ్లూ ఉండే ఉంటారు. అది ఆ పిల్లల ఇష్టం.

బేబీ అన్న పేరుని వదిలించుకోకుండానే రాసిన ఇద్దరున్నారు. మరాఠీ దళిత రచయిత్రి బేబీ కాంబ్లే తన ఆత్మకథ 'జిణ ఆముచ'ని 1986లో పుస్తకంగా తెచ్చింది. ఆమెని అందరూ బేబీతాయి అన్నారు, అంటే బేబీ అక్క. చంటిదీ తనే, పెద్దక్కా తనే. ఇంకొకరు బెంగాల్ నుంచి వచ్చి ఢిల్లీ పక్కన ఇళ్లలో పనిచేసిన బేబీ హాల్దార్. ఆమె జీవితకథ 'ఆలో ఆంధారి' 2002లో హిందీలో వచ్చింది. పనిమనిషిని కేకేసే పేరు అట్టమీద రచయిత్రి పేరుగా అచ్చయింది. వాళ్లిద్దరూ పేరు మార్చుకోలేదు కదా అని మనం నిశ్చింతగా ఉండిపోవచ్చా? పుస్తకం రాస్తే తప్ప బేబీ పెద్దమనిషి కాలేదంటే, రాయని బేబీల సంగతేమిటి?

ఒకప్పుడు మా వృత్తిలోవాళ్లు దీనికి తేలికైన దారి కనిపెట్టారు. బడిలో చేర్చుకునే రోజున మాస్టారే బుజ్జిని కొట్టేసి విజయలక్ష్మి అని రాసేవారు, పనిలో పనిగా పుట్టినరోజు కూడా పెట్టేవారు. అదీ పిల్లని అడక్కుండానే. ఇప్పుడా అధికారం మాకు లేదు, మంచిదే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలి. పేరు అప్పుడే చెప్పక్కర్లేదు, ఏడాదిలోపు రుసుం లేకుండా చేర్చుకోవచ్చు, ఆలస్య రుసుం కడితే పదిహేనేళ్ల దాకా గడువుంది. కానీ 2023లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరడం మొదలు ఓటరు జాబితా, పెళ్లి నమోదు దాకా పుట్టిన తేదీకీ స్థలానికీ జనన ధ్రువపత్రమే ఆధారం. ఆస్పత్రిలో, పచ్చి బాలింతరాలి మంచం పక్కన ఎవరో ఫారంలో రాసిన ముద్దుమాట ఇకమీదట మా అమ్మ కాగితాల్లోలా నాలుగు రకాలుగా ఉండదు. ఒక్కటిగా, గట్టిగా అతుక్కుపోతుంది. మార్చుకోవాలంటే గెజెట్ దాకా తిరగాలి. పూలబుట్ట దించి అన్ని రోజులు ఎవరు తిరుగుతారు? అందుకే ఇప్పుడు బిడ్డని కన్నవాళ్లు నన్నడిగితే, ఇంట్లో ఎంత ముద్దుగానైనా పిలుచుకోండి, కాగితం మీద మాత్రం ఆ పిల్లకి నలభై ఏళ్లొచ్చాక ఎవరినైనా ఎదిరించి నిలబడాల్సినప్పుడు చెప్పుకోగల పేరు కూడా ఒకటి రాయండి అంటాను. రెండూ రాయొచ్చు, చిన్ని పక్కన ఇంకోటి.

మా చిన్నినే అడిగాను చివరికి. రెండు రోజులు ఆలోచించుకుని వచ్చింది. "చిన్నీ అనే ఉంచండి మేడమ్. అమ్మ ఏడుస్తాది. కానీ అటెండెన్స్‌లో ఒట్టి చిన్నీ అనకండి, ఇంటిపేరుతో పిలవండి. మగపిల్లల్ని అలాగే పిలుస్తారు కదా." నిజమే, రెండో సురేష్‌నో మూడో సురేష్‌నో విడదీయడానికి వాళ్లకి ఇంటిపేర్లు చేరుస్తాం. అప్పట్నుంచీ క్లాసులో అందరినీ ఇంటిపేరుతోనే పిలుస్తున్నాను. ఇంటిపేరంటే తండ్రి పేరేగా, పైగా కులాన్ని పట్టిస్తుంది కదా అని స్టాఫ్‌రూంలో ఒక స్నేహితురాలు అడిగింది. ఆమెకి చెప్పడానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.