చేవ – మితి: ఎర్రచందనం వినియోగంలో ఒక నైతిక ప్రశ్న

తెలుగులో ‘చేవ’ అనే పదానికి రెండర్థాలు ఉన్నాయి. మాను నడుమ గట్టిపడిన దారుభాగం ఒకటి. మనిషి సామర్థ్యం మరొకటి. ఎర్రచందనం విషయంలో ఈ రెండర్థాలూ కలిసి ఒక నైతిక ప్రశ్నకు దారితీస్తాయి. పూర్వులు ఈ చెట్టును మితంగా వాడుకున్నారంటే అది ధర్మబుద్ధి వల్లనా, లేక అంతకు మించి నరికే చేవ లేకపోవడం వల్లనా?

ఎర్రచందనం (టెరోకార్పస్ శాంటాలినస్) సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ శ్రేణులు దీనికి ప్రధాన ఆవాసాలు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎరుపు జాబితా దీనిని అంతరించే ప్రమాదమున్న జాతిగా పేర్కొంటున్నది. శ్రీగంధపు పరిమళం దీనికి లేదు. చేవలోని ఎరుపు, గట్టిదనం, చలువ గుణం దీనికి విలువను తెచ్చాయి. ఆయుర్వేదం దీనిని రక్తచందనంగా లేపనాలలో వాడింది. సూర్యారాధనలో ఎర్రని పూలతోపాటు దీని గంధానికీ స్థానం ఉంది. చెదలు తినని గుంజలుగా ఇళ్లకు, దంపతుల బొమ్మలుగా తిరుపతి పరిసరాల శిల్పులకు ఇది ఉపకరించింది.

ఈ వాడుకలలో గంధం తీసే పద్ధతి గమనించదగినది. సానపై నీళ్లు చిలకరించి అరగదీస్తే ఒక చిన్న చెక్క ఏళ్ల తరబడి ఇంటి అవసరం తీరుస్తుంది. బొమ్మ కూడా ఒక తరం చేతి నుండి మరో తరం చేతికి అందుతుంది. ఇక్కడ వస్తువు ఎంత కరగాలన్నది అవసరమే నిర్ణయిస్తుంది.

అయితే దీనిని పూర్వుల సుగుణంగా కీర్తించడం తొందరపాటు. ఇదే దారువు కోరమండల్ తీరం నుండి అద్దకపు రంగు కోసం ఐరోపాకు ఎగుమతి అయింది. చైనాలో ‘జితాన్’ గృహోపకరణాలకు, జపాన్‌లో షామిసెన్ వాద్యపు దండికి దీనిని ఎంతో విలువైనదిగా ఎంచారు. దూరపు గిరాకీ తగిలినచోట సాన నేర్పిన మితి నిలువలేదు. కనుక ఆ మితి సానదే గాని మనిషిది కాదన్న ఆక్షేపణకు బలముంది.

ఆక్షేపణను అంగీకరించినా ప్రశ్న ముగియదు. మించగల చేవ ఉండి మించకపోవడమే ధర్మం. ఆ పరీక్ష పూర్వులకు పూర్తిగా ఎదురు కాలేదు. యంత్రమూ, రహదారీ, ఓడా చేతిలో ఉన్న నేటి సమాజానికి ఎదురైంది. నరికిన మోడు మళ్లీ చిగురిస్తుంది. కాని ఆ చిగురు చేవదేరడానికి దశాబ్దాలు పడుతుంది. చెట్టు కాలాన్ని లెక్కలోకి తీసుకోని వినియోగం ఇంకా పుట్టని తరాల వాటాను వాడుకోవడమే.

ఈ మితిని ఎవరు పాటించాలన్నది మరింత కఠినమైన ప్రశ్న. అంతర్జాతీయ వాణిజ్య ఒడంబడిక అయిన సైటిస్ 1995లో ఈ జాతిని తన రెండవ అనుబంధంలో చేర్చింది. అయినా అక్రమ రవాణా ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవులలో పోలీసు కాల్పులకు తమిళనాడుకు చెందిన 20 మంది బలయ్యారు. మరణించినవారు దుంగల దొంగలన్న పోలీసుల వాదన వివాదాస్పదమైంది. ఆ వివాదాన్ని పక్కన ఉంచినా ఒక అసమానత స్పష్టం. అడవిలో గొడ్డలి పట్టేవాడికి దక్కేది కూలి. దుంగ విలువ చేరేది దూరాన ఉన్న కొనుగోలుదారుకు, నడుమనున్న వర్తకుడికి. శిక్ష మాత్రం మొదట తగిలేది గొడ్డలి పట్టినవాడికే.

చెట్టు అరుదైనదన్న కారణంతో మనిషి ప్రాణం చౌక కారాదు. మనిషి పేదవాడన్న కారణంతో అడవి ఖాళీ కారాదు. ఈ రెండూ ఒకేసారి నిలవాలంటే నిగ్రహాన్ని చేవలేనివాడి నుండి కాక చేవ ఉన్నవాడి నుండి కోరాలి. సాన నేర్పిన మితి ఒకనాడు పరిస్థితి విధించినదే కావచ్చు. దానిని కొనుగోలుదారు తెలిసి స్వీకరించిన నాడే అది ధర్మమవుతుంది.