నెమ్మదించిన పాట



మన యువతీ యువకులు రాత్రివేళ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినే పాటలలో ఒక రకం ఉన్నది. దానిని 'స్లోడ్ అండ్ రివర్బ్' అంటారు. పాట కొత్తదేమీ కాదు. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువారు వాయించిన పాటే కావచ్చు. దాని వేగం తగ్గించి, గొంతుకు ప్రతిధ్వని చేర్చుతారు. అంతే, నిన్న చిందులు వేయించిన పాట నేడు కంట తడి పెట్టిస్తుంది! అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో డీజే స్క్రూ అనే కళాకారుడు 1990లలోనే పాటలను ఇలా సాగదీసి, క్యాసెట్లకెక్కించి పేరు పొందాడు. ఇప్పుడు తెలుగు సినిమా పాటలు కూడా ఇలా యూట్యూబులో వినవస్తున్నాయి.

ఎందుకు ఈ దిగులు? దుఃఖంలో ఉన్న మనిషి మాట గమనించండి. నెమ్మదిగా, తగ్గు స్వరంలో, పదానికి పదానికి మధ్య ఆగుతూ వస్తుంది. వేగం తగ్గించిన పాటలో గొంతు కూడా అలాగే దిగి, బరువెక్కుతుంది. మాటలు సంతోషపు మాటలే అయినా చెవి ఆ గొంతునే నమ్ముతుంది. (మరీ తగ్గిస్తే మాత్రం నవ్వు వస్తుంది. 45 చుట్ల గ్రామఫోను రికార్డును 33 చుట్ల మీద పెట్టి ఆడుకున్నవారికి ఇది తెలుసు.)

ఇక ప్రతిధ్వని సంగతి. పూజ ముగిసి జనమంతా వెళ్ళిపోయాక గుడిలో ఒక్కరే నిలబడి దగ్గి చూడండి. గోడలన్నీ బదులు పలుకుతాయి. నిండు గుడిలో అంత మోత ఉండదు. మనుషుల దేహాలు, కట్టుకున్న బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి కనుక. అంటే ప్రతిధ్వని మన చెవికి చెప్పే కబురు ఒక్కటే: ఇక్కడ ఎవరూ లేరు. పైగా ఆ నడకకు చప్పట్లు కలపలేము, నలుగురం గొంతు కలిపి పాడబోతే ఊపిరి చాలదు. అందరిదైన పాట ఒక్కరి పాట అయిపోతుంది.

"ఆ ఏడుపు పాటలు మాన్పించండి ఫాదర్" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. నేను ఒప్పుకోను. తపస్కాలంలో మనం సిలువ మార్గంలో పాడేవి నెమ్మది పాటలు కావా? సమాధి దగ్గర ఎవరైనా హుషారుగా పాడతారా? కొన్ని స్వరాల వరుసలు మనిషిని విషాదంలో ముంచుతాయని అరిస్టాటిల్ కూడా తన 'రాజనీతి' గ్రంథంలో రాశాడు. దోషం నెమ్మదిలో లేదు. సిలువ మార్గంలో మన పక్కన మరొక గొంతు ఉంటుంది. ఇయర్‌ఫోనులో ఉండదు.

సమూవేలు మొదటి గ్రంథము 16వ అధ్యాయం తీసి చూడండి. దిగులు కమ్మిన సౌలు రాజుకు దావీదు సితారా వాయించేవాడు. ఏ పాట వాయించాడో గ్రంథం చెప్పదు. కానీ అతడు ఆ గదిలోనే, రాజు ఎదుటనే ఉన్నాడు. ఆ రాజే తరువాత అతనిమీద ఈటె విసిరాడన్నదీ మరువకండి. సంగీతం మాత్రలాంటిది కాదు.

మీ బిడ్డ వారాల తరబడి తిండి, నిద్ర మానివేస్తే పాటను తిడుతూ కూర్చోక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. ఊరకే దిగులుగా ఉంటే, తలుపు తట్టి "ఏం వింటున్నావు, నాకూ వినిపించు" అనండి. ఒక ఇయర్‌ఫోను మీ చెవిలో పెట్టుకుని పాట అయ్యేదాకా కూర్చోండి. ఆ పాట మీకు నచ్చనక్కరలేదు.