వైద్యుడు తప్పు చేస్తే వైద్యం ఏమవుతుంది?

మొన్న పున్నమి వందన అయ్యాక అందరూ టీ తాగి ఇళ్ళకు బయలుదేరితే, ముగ్గురు మాత్రం విహారం అరుగు మీదే కూర్చుండిపోయారు. ముగ్గురూ ఒకే డాక్టరు దగ్గర మనసు జబ్బుకు మందులు వాడుతున్న కుటుంబాలవాళ్ళు. ఆ డాక్టరు లైసెన్సును మెడికల్ కౌన్సిల్ రద్దు చేసింది. తన దగ్గర చికిత్సలో ఉన్న ఒక మహిళతో తప్పుగా నడుచుకున్నాడని ఫిర్యాదు వచ్చింది. ఇద్దరి మాటా విన్నారు. తప్పు రుజువైంది. రిజిస్టరు నుంచి పేరు తీసేశారు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ మహిళ గురించీ రాయం. ఆ ముగ్గురి మనసుల్లో రేగిన కలత గురించే ఈ నాలుగు మాటలు. ఇలాంటి కలత రేపు మీ ఇంట్లోనూ రావచ్చు. డాక్టరు విషయంలోనే రానక్కర్లేదు. మీరు నమ్మిన టీచరు, నాయకుడు, ఆఖరికి ధమ్మం చెప్పే మనిషి విషయంలోనైనా రావచ్చు.

ఆ డాక్టరు మన వాడల్లోంచి ఎదిగినవాడే. హాస్టల్లో ఉండి చదువుకున్నవాడు. క్లినిక్ గోడ మీద బాబాసాహెబ్ పటం ఉండేది. మనవాళ్ళు వెళితే "ఏ ఊరు, ఏ వాడ" అని ఆరా తీసేవాడు కాదు. కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, "నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా?" అని అడిగేవాడు. జన్మలో మొదటిసారి ఒక డాక్టరు మనల్ని మనిషిలా చూస్తే ఆ మేలు ఎలా మరిచిపోతాం? అందుకే ఈ దెబ్బ అంత లోతుగా తగిలింది.

ఆటో నడుపుకునే అన్న అన్నాడు: "నన్ను బతికించిన దేవుడండీ ఆయన. మనవాడు ఎదిగితే ఓర్వలేక తొక్కేశారు. ఆ ఆడమనిషి అబద్ధం చెప్పి ఉంటుంది."

డిగ్రీ చదివే చెల్లెలు అంది: "అమ్మకు కూడా చెప్పని మాటలు ఆయనకు చెప్పాను. ఇప్పుడు అవన్నీ మైలపడ్డట్టు అనిపిస్తోంది. ఇంకో డాక్టరు మొహం చూడను."

మూడో ఆమె, పెద్దమ్మ, కళ్ళు తుడుచుకుంటూ అంది: "మా వాడు మందులు తీసుకెళ్ళి కాలవలో పారేశాడు నాయనా. డాక్టరే దొంగైతే మందులు మంచివెలా అవుతాయి అంటున్నాడు. నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదు వాడికి."

బంధువులారా, ముందు ఒక మాట. దుఃఖపడినందుకు వీళ్ళలో ఎవరినీ తప్పుపట్టకూడదు. తథాగతుని మహాపరినిర్వాణం దగ్గరపడినప్పుడు ఆనందుడు తలుపుకు ఆనుకుని ఏడ్చాడు. ఇంత దయగల గురువు వెళ్ళిపోతున్నాడే అని ఏడ్చాడు. బుద్ధుడు కసురుకోలేదు. దగ్గరకు పిలిపించాడు. ఇన్నాళ్ళూ నువ్వు ప్రేమతో చేసిన సేవ గొప్పదని పదిమందిలో మెచ్చుకున్నాడు. అనిత్యం గురించి కూడా చెప్పాడు. మనం ఈ వరుస పాటిద్దాం. ముందు ఓదార్పు, తర్వాత బోధ.

ఆటో అన్నకు చెప్పిన మాట ఇది. అన్నా, ఆయన నిన్ను బాగు చేసిన మాట నిజం. ఆయన ఆమె పట్ల తప్పు చేసిన మాటా నిజం. ఒక నిజం ఇంకో నిజాన్ని చెరిపేయదు. ఒకే మనసులో కృతజ్ఞత, కోపం రెండూ ఉంటే నువ్వు చెడ్డవాడివి కావు, పిచ్చివాడివీ కావు. రెండింటినీ ఉన్నవి ఉన్నట్టు చూడు. దాన్నే మనం సతి అంటాం.

కానీ "దేవుడు" అన్నావు చూడు, అక్కడ ఆగాలి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞలు చేయించారు. దేవుళ్ళను, అవతారాలను వదిలేశాం. గుడిలోంచి దేవుణ్ణి తీసేసి క్లినిక్కులో పెట్టుకుంటే ఏం లాభం? బుద్ధుడు తనను తాను మోక్షదాతగా చెప్పుకోలేదు, మార్గదాతనని మాత్రమే చెప్పాడు. ఈ సంగతిని బాబాసాహెబ్ తన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో ప్రత్యేకంగా ఎత్తి చూపారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికి దారి తీస్తుందని హెచ్చరించారు. ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా మన స్వేచ్ఛను తాకట్టు పెట్టొద్దన్నారు. బాబాసాహెబ్ పటం గోడకు ఉన్నంత మాత్రాన ఆ పటం కింద కూర్చున్నవాడు ప్రశ్నకు అతీతుడు కాడు.

"మనవాణ్ణి తొక్కేశారు" అనే అనుమానం ఊరికే పుట్టలేదు. మనవాళ్ళను తొక్కిన చరిత్ర ఉంది. ఆ అనుమానాన్ని ఎవరూ ఎగతాళి చేయకూడదు. అయితే అనుమానం ఒక్కటే రుజువు కాదు. విన్నామని, మనవాడు చెప్పాడని, గురువు చెప్పాడని దేన్నీ ఒప్పుకోవద్దని కాలాములకు బుద్ధుడు చెప్పాడు. వీమంసక సుత్తంలో ఇంకో అడుగు ముందుకు వేశాడు. తథాగతుణ్ణి కూడా పరీక్షించండి, ఆయన నడతలో కంటికి కనిపించేది, చెవికి వినిపించేది శుద్ధంగా ఉందో లేదో చూడండి అన్నాడు. బుద్ధుడే పరీక్షకు నిలబడితే, ఒక డాక్టరును పరీక్షించడం ఎలా ద్రోహమవుతుంది? ఫిర్యాదు చేసిన ఆమె కూడా మన వాడ మనిషే అయితే, అప్పుడు "మనవాళ్ళు" అంటే ఎవరు?

కొందరు ఇంకో మాట అంటున్నారు: "ఇంతమందికి మేలు చేశాడు కదా, ఒక్క తప్పుకు లైసెన్సు తీసేయాలా?"

వినయ పిటకం తెరిచి చూడండి. భిక్షువుకు నాలుగు పారాజికాలు ఉన్నాయి. మైథునం, దొంగతనం, మనిషిని చంపడం, లేని సిద్ధులు తనకున్నాయని అబద్ధమాడడం. వీటిలో ఏ ఒక్కటి చేసినా ఆ వ్యక్తి ఇక భిక్షువు కాడు. ఎన్నేళ్ళు చీవరం కట్టాడు, ఎంతమందికి బోధించాడు అన్న లెక్క అక్కడ చెల్లదు. తల నరికిన తాటిచెట్టు మళ్ళీ చిగురించనట్టే అని పోలిక చెప్పారు. ఎందుకంత కఠినం? చీవరాన్ని చూసి జనం తలుపు తీస్తారు, గిన్నెలో అన్నం పెడతారు, మనసు విప్పుతారు. ఆ నమ్మకాన్ని కాపాడకపోతే రేపు ఏ తలుపూ తెరుచుకోదు. డాక్టరు లైసెన్సు కూడా అలాంటిదే. అది ఆయనకు ఇచ్చిన సన్మానం కాదు. తలుపు తీసే రోగికి ఇచ్చిన హామీ.

జబ్బుపడినవాళ్ళకు సేవ చేసేవాడు ఎలా ఉండాలో కూడా బుద్ధుడు చెప్పాడు. మందు సిద్ధం చేయడం తెలియాలి. ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో తెలియాలి. మలమూత్రాలు ఎత్తడానికి ఏవగించుకోకూడదు. మంచి మాటతో ధైర్యం చెప్పగలగాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆమిషం ఆశించకుండా మెత్తతో సేవ చేయాలి. ఆమిషం అంటే డబ్బే కాదు, తన కోరిక తీర్చుకోవడం కూడా. మనసు జబ్బుతో వచ్చిన మనిషి తన బలహీనతలన్నీ డాక్టరు ముందు పెడుతుంది. "ఆమె కూడా ఒప్పుకుంది కదా" అనే మాట అక్కడ నిలబడదు. ఒకరి చేతిలో మందుచీటీ, రహస్యాలు ఉన్నప్పుడు ఆ ఇద్దరూ సమానంగా లేరు. మూడో శీలం మనకు నేర్పేది ఇదే.

ఆ డాక్టరును రాళ్ళతో కొట్టమని కాదు. అంగులిమాలుడు కూడా మారాడు. మారిన తర్వాత కూడా భిక్షకు వెళితే దెబ్బలు తగిలి తల పగిలింది. ఓర్చుకో, ఇది నీ కర్మ ఫలమే అన్నాడు బుద్ధుడు. మారే దారి ఎవరికీ మూసుకుపోదు. అలాగని చేసిన పని ఫలితమూ రద్దు కాదు. ఆ డాక్టరు మీద మెత్త ఉంచండి. ఆ కుర్చీ మాత్రం తిరిగి ఇవ్వనక్కర్లేదు.

ఇక చెల్లెలి మాట. అమ్మా, "మైల" అనే మాట మనం వదిలేసి వచ్చిన మాట. ఒకరు తాకితే నీళ్ళు మైలపడతాయన్న అబద్ధం వల్లే తరాలు నలిగిపోయాయి. నువ్వు నిజాయితీగా చెప్పిన మాట ఇంకొకరి తప్పువల్ల ఎలా మైలపడుతుంది? ఎవరి కర్మకు వాళ్ళే వారసులు. ఆయన పని ఆయనది. ఆ గదిలో నువ్వు చూపిన ధైర్యం నీది. కొత్త డాక్టరు దగ్గర మొదటి రోజే అంతా చెప్పనక్కర్లేదు. "పాత డాక్టరు విషయంలో ఇలా జరిగింది, నాకు నమ్మకం కుదరడానికి టైం పడుతుంది" అని చెప్పు చాలు. తోడుకు అమ్మనో, విహారంలోని అక్కనో తీసుకెళ్ళు.

పెద్దమ్మకు చెప్పిన మాట అన్నిటికంటే ముఖ్యం. దయచేసి శ్రద్ధగా వినండి.

మందు ఆ డాక్టరు సొత్తు కాదు. తెప్ప నడిపినవాడు తప్పు చేస్తే ఏటి మధ్యలో తెప్ప మీంచి దూకేస్తామా? లిథియం లాంటి మందులు ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. కొన్ని రకాల నిద్రమాత్రలు చాలాకాలం వాడి హఠాత్తుగా మానేస్తే మూర్ఛ కూడా రావచ్చు. కాబట్టి డాక్టరు మీద కోపంతో మందు మానొద్దు, డాక్టరు మీద ప్రేమతోనూ మానొద్దు. పాత చీటీలు, రక్తపరీక్ష కాగితాలు, మిగిలిన మాత్రల అట్టలు ఒక సంచిలో వేసుకుని వెంటనే ఇంకో మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. మందులు ఇప్పటికే ఆపేసి ఉంటే ఎన్ని రోజులైందో దాచకుండా చెప్పండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు ఉన్నాయి. టెలిమానస్ నంబరు 14416కు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. వెంటనే దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

లైసెన్సు పోయిన డాక్టరు "ఇంటికి రండి, ఊరికే రాసిస్తా" అన్నా వెళ్ళకండి.

మన హక్కులు కూడా తెలుసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మన చికిత్స రికార్డులు అడిగి తీసుకునే హక్కు ఉంది. మన సంగతులు గోప్యంగా ఉంచాలని కోరే హక్కు ఉంది. కులం పేరుతో వివక్ష లేకుండా వైద్యం పొందే హక్కు ఉంది. చట్టంలో కులం అనే మాట విడిగా రాసి ఉంది. మర్యాద ఒక మంచి డాక్టరు వేసే భిక్ష అనుకున్నాం ఇన్నాళ్ళూ. అది మన హక్కు. భిక్ష అనుకున్నంతకాలం పెట్టినవాడు దేవుడిలా కనిపిస్తాడు. హక్కు అని తెలిసినరోజు డాక్టరు డాక్టరులా కనిపిస్తాడు.

చివరిగా, ఆ అరుగు మీద లేని నాలుగో మనిషి. ఫిర్యాదు చేసిన ఆమె. ఆమె కూడా మనలాగే జబ్బుతో, నమ్మకంతో ఆ గదిలోకి వెళ్ళిన మనిషి. మనం ముగ్గురి కన్నీళ్ళూ తుడిచి ఆమెను తిట్టిపోస్తే మన కరుణ సగమే. ఆమె నోరు విప్పినందువల్ల ఇంకెందరు కాపాడబడ్డారో ఆలోచించండి. ఆమె గురించి వాడలో ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే "ఆపండి" అనండి. సమ్మా వాచ అంటే మంచి మాట మాట్లాడడమే కాదు, చెడ్డ మాట సాగనివ్వకపోవడం కూడా.

మర్నాడు పొద్దున పెద్దమ్మ కొడుకును ఆటో అన్న తన ఆటోలోనే జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఓపీ చీటీ దగ్గర క్యూలో గంటన్నర నిలబడ్డాడు. "కొత్త డాక్టరు పెద్దగా మాట్లాడదండీ, కానీ చీటీలన్నీ చదివింది" అన్నాడు వచ్చాక. ఇంకా పాత డాక్టరును తలుచుకుంటే గొంతు పూడుకుపోతుంది ఆయనకు. పూడుకోనివ్వండి. తన మందు మాత్రం మానలేదు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటివాళ్ళు ఉంటే ఈ కాగితం వాళ్ళకు చదివి వినిపించండి. చదవడంతో ఆగకండి. ఆస్పత్రికి తోడు వెళ్ళండి.

నమో బుద్ధాయ! జై భీమ్!