మసకబారిన దీపములు

ధ్యానభాగము: లూకా 11:24–26



కొన్నేండ్లు ఎండలో నిలిచిన కారును చూడుడి. హెడ్‌లైట్ల అద్దము పసుపుబారి, పొర కమ్మిన కన్నువలె నుండును. లోపలి బల్బు వెలుగుచునే యున్నది. దారి మాత్రము కనబడదు. 2018లో అమెరికాలో ట్రిపుల్ ఏ అను వాహనదారుల సంఘము పరీక్షించగా, అట్టి దీపములు క్రొత్తవాని వెలుగులో సుమారు 20 శాతమే యిచ్చెను. చీకటిలో లాంతరు లేని ఎద్దుబండియో, రోడ్డు దాటు బిడ్డయో ఎదురైనప్పుడు ఇది ప్రాణముల లెక్క.

పూర్వము ఈ దీపములకు గాజు ఉండెడిది. ఇప్పుడున్నది పాలికార్బొనేటు అను ప్లాస్టిక్కు. అది సులువుగా పగులదు గాని ఎండలోని అతినీలలోహిత కిరణములకు తాళలేదు. అందుచేత దానిపై పలుచని రక్షణపూత వేయుదురు. ఎండకు, ఇసుక దుమ్ముకు ఆ పూత చెడగా మసక పుట్టును. కొందరు మరింత బలమైన బల్బు వేయింతురు. మసక వెలుగును చెదరగొట్టును గనుక దారి తేటపడదు; ఎదుట వచ్చువాని కన్నులకు మిరుమిట్లు మాత్రము కలుగును.

బాగుచేయు విధమేమనగా, సబ్బునీటితో కడిగి, చుట్టునున్న రంగు చెడకుండ టేపు అంటించి, నీళ్లు చల్లుచు వాటర్ పేపరుతో రుద్దవలెను. ముందు 1000 నెంబరు, పిమ్మట 2000, కడపట 3000. మొదట అద్దము తెల్లగా మరింత మసకబారును, భయపడి ఆపకుడి. పాత పూత పోవుచున్నది. తరువాత పాలిష్ పెట్టగా తేటపడును.

అనేకులు ఇక్కడనే ఆగుదురు. కాని రుద్దుటచేత మిగిలిన రక్షణపూత కూడ పోయినది. అద్దము మునుపటికంటె దిక్కులేనిదైనది. కొద్ది నెలలలో మరల పసుపుబారును. టూత్‌పేస్టుతో తెచ్చిన మెరుపును అంతే. తేటపడిన దినముననే ఎండను ఆపు క్లియర్ కోటు వేయవలెను.

ప్రియులారా, ఊడ్చి అలంకరించి ఖాళీగా విడిచిన యింటిని గూర్చి ప్రభువు చెప్పిన మాట ఇదే గదా! వెళ్లిన అపవిత్రాత్మ మరి యేడింటిని వెంటబెట్టుకొని వచ్చెను. ఉజ్జీవ కూటములలో ఒకడు కన్నీటితో త్రాగుడు మానును. మనము స్తోత్రము చెప్పి ఎవరి యింటికి వారము పోదుము. అతని యింట కుటుంబ ప్రార్థన లేదు, వాక్యము లేదు, సాయంకాలము పలుకరించు సహోదరుడు లేడు. కోతలనాటికి అతడు మరల కల్లు పాకలో నుండును. అతని కన్నీరు అబద్ధము కాదు. పూత వేయువారు లేకపోయిరి.

సంఘ పెద్దలారా, మారుమనస్సు పొందినవాని యింటికి ఆ వారమే వెళ్లుడి. పూత వేసిన దీపమునకును కాపుదల కావలెను: బండిని నీడను నిలుపవలెను, దుమ్మును పొడిగుడ్డతో రుద్దక నీటితో కడుగవలెను, పూత అరిగినప్పుడు మరల వేయవలెను. ఒక దీపమునకే ఇంత శ్రద్ధ కావలసినప్పుడు, ఒక ఆత్మకు ఎంత కావలెను! ప్రభువు మనకు అట్టి ఓర్పు దయచేయును గాక. ఆమేన్.