గుద్దింది ఎవరు?

మా ఊరు నల్లగొండ జిల్లాలో, మునుగోడు వైపు. నా చిన్నప్పుడు అమ్మ రోజూ బకెట్లోని బోరు నీళ్ళలో పటిక, సున్నం వేసి కట్టెతో కలిపేది. పటిక తెల్లటి తునకలుగా మారి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని మెల్లగా అడుక్కి దిగేది. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ పద్ధతికి పేరు 'నల్లగొండ టెక్నిక్'. పేరు జిల్లాది, కలిపే చెయ్యి అమ్మది.

ఈమధ్య భౌతికశాస్త్రం బోధించే స్నేహితురాలు నీటిలో రేణువుల కదలికను కంప్యూటర్ మీద చూపించింది. 1827లో రాబర్ట్ బ్రౌన్ మైక్రోస్కోపు కింద పుప్పొడి నుంచి వెలువడిన సూక్ష్మ రేణువుల్లో చూసిన తడబాటే అది. కంటికి కనబడని అణువులు అన్ని వైపుల నుంచీ గుద్దడమే కారణమని 1905లో ఐన్‌స్టీన్ లెక్కగట్టి చూపాడు. అమ్మ బకెట్లో సన్నటి నలుసులు ఒకదాన్నొకటి తాకి తునకలవడానికి మొదట్లో తోడ్పడేదీ ఆ కదలికే.

"ఇన్ని గుద్దులు ఎట్లా లెక్కపెట్టావు?" అన్నాను.

"పెట్టలేదు. అడుగడుక్కీ ఒక యాదృచ్ఛిక సంఖ్య వేస్తాం" అంది. ఒక్క రేణువు ఎటు పోతుందో చెప్పలేం. వేల రేణువుల్ని కలిపి చూస్తే మాత్రం నియమం తేలుతుంది: రెట్టింపు దూరం చెదరడానికి నాలుగు రెట్ల కాలం పడుతుంది.

నాకు అమ్మ గుర్తొచ్చింది. బకెట్ మా ఇంటికి వచ్చేనాటికే ఆమె ఎముకలు బిగుసుకున్నాయి. "నా నసీబు గింతే బిడ్డా" అంటుంది. పక్కింటి చిన్నమ్మదీ నసీబే. విడివిడిగా చూస్తే అందరిదీ నసీబే. ఊరంతా కలిపి చూస్తే గ్రానైటు రాళ్ళలోంచి నీళ్ళలోకి దిగిన ఫ్లోరైడ్, ఏటికేడు లోతుకు పోయిన బోర్లు. జిల్లా అంచున కృష్ణ మీద నాగార్జునసాగర్‌కు 1955లోనే పునాది పడింది. మెట్టన ఉన్న మాకు అప్పట్లో ఆ నీళ్ళు ఎక్కలేదు.

స్నేహితురాలి 'యాదృచ్ఛికం'లో నిజాయితీ ఉంది. గుద్దేవి ఉన్నాయని ఆమెకు తెలుసు, అన్నిటినీ లెక్కించలేనని ఒప్పుకుంటుంది. మనం 'విధి' అన్నప్పుడు లెక్కించగలిగినవాటినే వదిలేస్తున్నాం. నేనూ వదిలేశాను. నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథంలో ఎందరో కథానాయికల్ని 'విధివంచితలు' అన్నాను. వాళ్ళని గుద్దినవాళ్ళ పేర్లు ఆ కథల్లోనే ఉన్నాయి.

అయితే ఊరి లెక్క తేలినంత మాత్రాన అమ్మ మోకాళ్ళు వంగవు. ఆమె నొప్పి సగటులో ఇమడదు. అందుకే రెండూ కావాలి, ఊరి లెక్కా, అమ్మ మాటా. ఇప్పుడు సిద్ధాంత గ్రంథం తిరగేస్తూ, 'విధి' కనబడ్డ ప్రతిచోటా మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒకటే రాసుకుంటున్నాను: గుద్దింది ఎవరు?