విశాఖకు తరలివచ్చే ముందు

బంగాళాఖాతానికీ తూర్పు కనుమల కొండలకూ నడుమ విస్తరించిన విశాఖపట్నానికి చదువు కోసమో ఉద్యోగం కోసమో తరలివచ్చేవారు అద్దె సంగతికన్నా ముందు ఆ నేల స్వభావాన్ని తెలుసుకోవాలి. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమతో కలిసి ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది కనుక, తీరానికి దగ్గరి ఇళ్లలో కిటికీ చువ్వలనూ స్లాబు పెచ్చులూడిన చోట్లనూ పరిశీలించడం మంచిది. బోరు నీటి రుచి చూడడమూ అంతే ముఖ్యం. భూగర్భజలాన్ని అతిగా తోడినచోట సముద్రపు నీరు నేలలోకి చొచ్చుకువస్తుంది, దీనినే లవణజల చొరబాటు అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం వద్దే తీరం దాటి చెట్లనూ విద్యుత్ స్తంభాలనూ కూల్చివేసింది; అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో తాగునీరూ దీపాలూ సిద్ధంగా ఉండాలి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసింది కడలి గురించి. రామకృష్ణా బీచ్‌లో అలలు శాంతంగా కనిపించే చోటనే, ఒడ్డును తాకిన నీరు ఇరుకైన పాయగా వేగంగా వెనుదిరిగే లాగుడు ప్రవాహం ఉండవచ్చు. అది ఈత వచ్చినవారిని సైతం లోపలికి ఈడ్చుకుపోతుంది. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీది అలసిపోకుండా, తీరానికి సమాంతరంగా ఈదుతూ ఆ పాయను దాటిన తరువాతే ఒడ్డుకు మళ్లాలి.